రాయికి తగిలిన చీపురు

నా కూతురు పోయిన కబురు మొదట ఐస్ రింక్‌కి చేరింది. ఆ తర్వాతే మా బంధువులకి. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర. ఆ వేళకి అది ఏళ్ల తరబడి రింక్‌లోనే ఉండేది కాబట్టి, ఆసుపత్రి గదిలో ఫోను తీయగానే నా వేలు ఆ నంబరే నొక్కింది. దాని దగ్గర ఆట నేర్చుకున్న అమ్మాయి ఎత్తి, "ఆంటీ, కోచ్ ఎలా ఉన్నారు?" అంది. చెప్పాను. ఫోనులో ఎక్కడో దూరంగా ఆట రాయి వెళ్ళి రాయికి తగిలిన చప్పుడు ఒకటి వినపడింది. అప్పటికే ఎవరో వదిలేసిన రాయి అయుంటుంది. దాన్ని మధ్యలో ఆపలేరు కదా.

మన సంఘం సంచికలో నా కూతురి గురించి నాలుగు మాటలు రాసివ్వమని అడిగారు. "మన తెలుగింటి ఆడపిల్ల మంచు మీద ఆడే ఆటకి కోచ్ అయిందంటే ఎంత గర్వం అమ్మా! ఆ గర్వం రాయండి" అన్నారు. ఆ గర్వం వాళ్ళకి ఇప్పుడొచ్చింది. ఉగాదికి మనం స్టేజీ ఎక్కించి శాలువా కప్పినవాళ్ళలో డాక్టర్లున్నారు, బ్యాంకు వాళ్ళున్నారు, ఇల్లు కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. నా కూతురు ఎప్పుడూ లేదు. అది వెనక వరసలో కూచుని చప్పట్లు కొట్టి, పులిహోర తిని, నన్ను తీసుకుని ఇంటికొచ్చేది.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాల తప్పులుంటే దిద్దండి. విషయం మాత్రం దిద్దకండి.

శ్రీకాకుళం వైపు నుంచి ఈ దేశానికి కోడలిగా వచ్చాను. మా అత్తవారు తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళు. నా భర్త రేవులో పనిచేసేవారు. పిల్లకి పద్నాలుగేళ్లప్పుడు ఆయన పోయారు. తర్వాత నేను సైన్స్ పార్క్‌లో ఊడ్చే పనికి చేరాను. కంప్యూటర్ కంపెనీలు రోజుకొకటి బోర్డు కడుతున్న రోజులవి. ఒక భవనంలో కింది హాలు, మూడో అంతస్తు నావి. అన్నీ గాజు తలుపులు, గాజు గోడలు. ఉద్యోగస్తులు మాట్లాడుకుంటూ గాజుకి చెయ్యి ఆనించి నిలబడేవారు. వాళ్ళు వెళ్ళాక నేను వాళ్ళ వేళ్ళు తుడిచేదాన్ని.

ఒకసారి నా మోచెయ్యి తగిలి ఎవరిదో కాఫీ కప్పు పగిలింది. పెంకులు కాగితంలో చుట్టి చెత్తసంచి అడుక్కి తోసేశాను. ఎవరూ అడగలేదు. మా పనిలో నేర్చుకున్న నీతి అదే. ఎవరూ చూడకపోతే జరగనట్టే. ఒప్పుకున్నవాళ్ళని మర్నాడు పనిలోకి రానివ్వరు.

నా కూతురు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివింది. నేను చీపురు పట్టింది అది పట్టకూడదని. ఆ మాట దానికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అదేం చిత్రమో, దానికి ఉద్యోగం నేను ఊడ్చే భవనంలోనే అయిదో అంతస్తులో వచ్చింది. మొదటిరోజు మెళ్ళో కార్డు వేసుకుని నలుగురితో కలిసి లిఫ్టు దగ్గర నిలబడింది. నేను చూసి మొహం తిప్పేసుకుని అద్దం తుడుస్తున్నాను. దాని పరువు కాపాడుతున్నాననుకున్నాను. అది తిన్నగా నా దగ్గరకొచ్చి, "అమ్మా, మధ్యాహ్నం మకాన్ ఎక్కడ, ఎక్కడ తింటావు? నేనొచ్చి నీకు సీటు చోప్ చేసి పట్టి ఉంచుతాను" అని అందరికీ వినపడేలా అంది.

"ఎరగనట్టు పోవే. ఊడ్చేదాని కూతురంటారు" అన్నాను గొంతు తగ్గించి.

"ఎరుగుదును కదా లా. ఎరగనట్టు ఎలా పోతాను?" అంది, ఈ దేశంవాళ్ళలా మాట చివర "లా" తగిలించి.

అదీ నా కూతురు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం దానికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు. నా దగ్గర్నుంచి మాత్రం కాదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్నప్పుడు కంపెనీ దాన్ని ఏడాదిపాటు కెనడాకి పంపింది. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో చూద్దును కదా, భుజాన పొడుగాటి సంచీ. ఏదో వాయిద్యం కాబోలు అనుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే లోపల పొడుగుకర్ర, కర్ర చివర చిన్న మెత్త.

"ఏటే ఇది?"

"బ్రూమ్ అమ్మా."

"అంటే?"

కాసేపు నసిగి, "చీపురే అనుకో" అంది.

"అంత దూరం పోయి చీపురు కొనుక్కొచ్చీసావా? ఈ దేశంలో చీపుర్లు కరువొచ్చాయేటి?"

అది పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆట తెలీనివాళ్ళ కోసం చెబుతాను. దాని పేరు కర్లింగ్. మంచు మీద ఒక చివరి నుంచి, పిడి ఉన్న గుండ్రటి రాయిని జారవిడుస్తారు. ఇరవై కిలోలుంటుంది. అవతలి చివర మంచు కింద ముగ్గులా గుండ్రాలు వేసి ఉంటాయి. రాయి వెళ్ళి ఆ ముగ్గు మధ్యలో ఆగాలి. రాయి వెళ్తుంటే దాని ముందు ఇద్దరు పరుగెడుతూ ఆ చీపుర్లతో మంచుని గట్టిగా రుద్దుతారు. రుద్దితే రాయి ఇంకొంచెం దూరం పోతుంది, తిన్నగా పోతుంది. జట్టుకి నలుగురు. నా కూతురు రుద్దేవాళ్ళలో మేటి అని కెనడాలో పేరు తెచ్చుకుందట. ఊడవడంలో పేరు! మా వదిన, అంటే నా భర్త అక్కగారు, ఈ మాట విని, "తల్లి పోలిక ఎక్కడికి పోతాది" అంది. ఆ మాట నా గుండెల్లో ముల్లయి కూచుంది. నవ్వుతూ అన్నదే. నవ్వుతూ అన్నవే లోపల ఉండిపోతాయి.

ఇక్కడ ఒక షాపింగ్ సెంటర్ పై అంతస్తులో ఐస్ రింక్ ఉంది. ఆదివారం పొద్దున్న, స్కేటింగ్ పిల్లలు రాకముందు, ఒక గంటసేపు వీళ్ళకి వదిలేవారు. ఇక్కడి ఉద్యోగాల్లో ఉన్న తెల్లవాళ్ళు కొందరు, చీనా అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు, మధ్యలో నా కూతురు. బయట ఒళ్ళు ఉడికిపోయే ఎండ. ఇది చేతిలో ఉన్ని స్వెట్టరుతో ట్రైన్ ఎక్కేది. జనం వింతగా చూసేవారట. దాని బూట్లు కూడా వింతే. ఒక బూటు అడుగు నున్నగా జారిపోతుంది, రెండోది పట్టుకుంటుంది. ఇంటికి రాగానే వాటిని వార్తాపత్రికలో చుట్టి, బోర్లించి పెట్టేది. దేవుడి గూడు దగ్గర కూడా అంత శుభ్రం చూపించేది కాదు.

బుకిట్ బటోక్‌లో మా ఇంటి ముందు వసారా పొడుగ్గా ఉంటుంది. సాయంత్రాలు అక్కడ తడిగుడ్డ మీద ఒక కాలు పెట్టి జారడం సాధన చేసేది. పక్కింటి మలయ్ మామ్మ తలుపు తీసుకుని చూసి, "మీ అమ్మాయి వసారా అంతా తుడిచేస్తోంది, మంచిపిల్ల" అనేది. వంటింట్లో నా చేతిలోంచి చీపురు లాక్కుని రెండు చేతులతో టకటకా ఊడ్చి, "చూడమ్మా, భుజంతో కాదు, నడుంతో ఊడవాలి. నువ్వు తప్పుగా ఊడుస్తున్నావు, అందుకే నీకు భుజం నొప్పి" అనేది. పదేళ్లకి పైగా ఊడ్చినదానికి నేర్పింది. అది చెప్పినట్టు చేస్తే నొప్పి తగ్గింది. ఆ సంగతి దానికి చెప్పలేదు.

ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడి అడిగేది. "అమ్మా, వస్తావా?"

"వారమంతా చూసే చీపుర్లే. ఆదివారం కూడా చూడాలా?"

"సరే లా" అనేది. పైవారం మళ్ళీ అడిగేది. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఒక్కసారి కూడా.

వాళ్ళు నలుగురూ ఒక జట్టుగా జపాన్ వెళ్ళారు. పెద్ద పోటీ. చిన్న దేశం నుంచి వచ్చారు, మంచు పడని దేశం నుంచి వచ్చారు అని అక్కడ అందరూ మురిపెంగా చూశారట. మురిపెం కాస్తా భయమయ్యేలా ఆడారట. ఆఖరి ఆటలో ఆఖరి రాయి. ముగ్గు మధ్యకి వెళ్తోంది. ఆగితే వీళ్ళదే గెలుపు. ఇది ముందు పరుగెడుతూ రుద్దుతోంది. చీపురు మెత్త రాయి అంచుకి రవ్వంత తాకింది. ఎవరూ చూడలేదు. రాయి వెళ్ళి మధ్యలో ఆగింది. జట్టువాళ్ళు ఎగిరి గంతేశారు. నా కూతురు చెయ్యెత్తి, "నా చీపురు తగిలింది" అంది.

ఆ ఆటలో పద్ధతి అదేనట. తగిలితే తగిలినవాళ్ళే చెప్పాలి. చెప్పి పక్కకి జరిగి నిలబడాలి. ఆ రాయిని ఉంచాలా తీసెయ్యాలా అన్నది అవతలి జట్టు చెబుతుంది. వాళ్ళు తీసెయ్యమన్నారు. తీసేశారు. ఓడిపోయారు. మిగతా ముగ్గురూ విమానంలో దీనితో మాట్లాడలేదట.

ఇంటికొచ్చి ఈ కథంతా ఉల్లిపాయ పులుసు కలుపుకుంటూ చెప్పింది. నేను గరిటె కిందపడేశాను.

"ఎవరు చూశారని చెప్పీసావే?"

"నేను చూశానమ్మా."

"నేను కప్పు పగలగొడితే వెళ్ళి చెప్పానా? నోరు మూసుకుంటే ఇవాళ గెలిచుండేదానివి!"

అది నాకేసి చూసింది. కోపంగా కాదు, జాలిగా కాదు. రాయి ఎటు తిరుగుతుందో చూసేటప్పుడు అలాగే చూస్తుందని తర్వాత దాని దగ్గర నేర్చుకున్న పిల్లలు చెప్పారు. "అప్పుడు ఆ గెలుపు ఎక్కడ పెట్టుకోవాలమ్మా? మన ఇల్లు చిన్నది" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతదాకా రాసింది ఇది రాయడానికే.

కెనడాలో దాని పాత జట్టుకి కెప్టెన్ ఒకావిడ ఉండేది. దీన్ని పంపించేటప్పుడు, "నా జట్టులో చోటు ఖాళీ అయిన రోజున నిన్నే పిలుస్తాను" అందట. నా కూతురు ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది. అక్కడ ఆడితే పెద్ద పెద్ద పోటీలే. కంపెనీకి అక్కడ ఆఫీసుంది, బదిలీ అడగొచ్చు. చలికోట్లు అమ్మెయ్యకుండా అలమారలో నాఫ్తలిన్ ఉండలు వేసి దాచుకుంది.

జపాన్ నుంచి వచ్చిన రెండో నెలలో, ఒక బుధవారం పొద్దున్న, ఇంట్లో ఫోను మోగింది. అది అప్పుడే పనికి వెళ్ళింది. నాకు ఆ వారం సెలవు, ఎందుకంటే ఆదివారం పెళ్ళిచూపులు. మా వదిన తెచ్చిన సంబంధం. హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, క్లెమెంటిలో ముగ్గురితో కలిసి గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. నేను సున్నుండలకి మినుములు వేయిస్తున్నాను. మంట తగ్గించి ఫోను ఎత్తాను.

ఆవిడే. కెనడా కెప్టెన్. నా కూతురి పేరు అడిగింది. లేదన్నాను. మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఐ హావ్ ఎ ప్లేస్ ఫర్ హర్. టెల్ హర్, కాల్ మీ బిఫోర్ ఫ్రైడే. ప్లీజ్. వెరీ ఇంపార్టెంట్."

నాకు ఇంగ్లీషు రాదని ఇప్పటిదాకా ఎవరికి చెప్పినా నమ్మారు. ఆ నాలుగు ముక్కలు రాకపోవడమేమిటి? అన్నీ అర్థమయ్యాయి. "ఓకే, ఓకే" అన్నాను. ఫోను పెట్టేశాను. మినుములు మాడిపోయాయి. అవి పారేసి, కొత్తవి వేయించాను.

సాయంత్రం అది వచ్చింది. "ఎవరైనా ఫోను చేశారా అమ్మా?" అని అడిగింది. రోజూ అడిగేదే. "మీ అత్త చేసింది, ఆదివారం నీలం చీర కట్టుకోమంది" అన్నాను. అదీ నిజమే. వదిన కూడా చేసింది.

ఆదివారం కాగానే చెబుదామనుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. శుక్రవారం అనే మాటని మాత్రం వినపడనట్టు నాకు నేనే పక్కకి పెట్టుకున్నాను. అబ్బాయి నచ్చితే చీపురు మానేస్తుంది, కడుపు పండుతుంది, మా వదిన నోరు మూతపడుతుంది. తల్లి ఇంకేం కోరుతుంది?

ఆదివారం వాళ్ళొచ్చారు. అబ్బాయి మర్యాదస్తుడే. సున్నుండ కొరికి, "ఆదివారాలు ఐస్ మీద ఉంటారటగా?" అని నవ్వుతూ అడిగాడు.

"శనివారాలు కూడా. వసారాలో" అంది ఇది.

"పెళ్ళయ్యాక కూడానా?"

"పెళ్ళయ్యాక మంచు కరిగిపోదు కదండీ."

మా వదిన తల పట్టుకుంది. వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ కబురు రాలేదు. వదిన మాత్రం మర్నాడే వచ్చి, "దానికి మొగుడెందుకు, చీపురుకే తాళి కట్టించీ" అని పోయింది. అప్పటికి శుక్రవారం దాటి మూడు రోజులు. ఇప్పుడు చెబితే, ఎందుకు ముందే చెప్పలేదంటుంది. చెప్పలేదు. వారం, నెల, ఏడాది. ఆలస్యమైన కొద్దీ ఆ మాట బరువెక్కింది. ఇరవై కిలోలు దాటింది.

అది ఆవిడకి తనంతట తాను ఫోను చేసి అడిగి ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. అడిగే పిల్ల కాదు. ఆ ఏడాది చివర ఆ జట్టులోకి కొత్త అమ్మాయి వచ్చిందని ఎవరో చెప్పారు. ఆ సాయంత్రం వసారాలో కూచుని బూట్లకి లేసులు విప్పుతూ, "జపాన్ సంగతి వాళ్ళకి తెలిసుంటుందమ్మా. ఆఖరి రాయికి చీపురు తగిలించేదాన్ని ఎవరు పిలుస్తారు?" అంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చీరకొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయాను.

తర్వాత ఇంక పోటీలకి వెళ్ళలేదు. అలమారలోంచి చలికోట్లు తీసి ఎవరికో ఇచ్చేసింది. "ఆడటం అయిపోయింది. నేర్పిస్తాను" అంది. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. కంపెనీలు మూతపడ్డ రోజుల్లో ఉద్యోగం పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ మారింది. ఆదివారం మాత్రం మారలేదు. మీరందరూ ఇప్పుడు కోచ్ కోచ్ అని పొగుడుతున్నారు. దాన్ని కోచ్‌ని చేసింది నేను. ఆ బుధవారం పొద్దున్న, మినుములు వేయిస్తూ.

మంచి కోచ్ అయిందట. నేను చూడలేదు, విన్నదే రాస్తున్నాను. పిల్లలు తప్పు చేస్తే చెడ్డ రాయి అనేది కాదట. "తర్వాతి రాయి" అనేదట, అంతే. "రాయి చేతిలోంచి వెళ్ళాక అరిచి లాభం లేదు, ఊడవండి" అనేదట. అన్నిటికన్నా ముందు నేర్పే పాఠం, రాయిని ఎలా వదలాలో కాదట. తగిలితే చెయ్యెత్తడం. కొత్తవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, కావాలని చీపురు తగిలించి, చెయ్యెత్తి గట్టిగా చెప్పించేదట. సిగ్గుపడేవాళ్ళ చేత పదిసార్లు చెప్పించేదట. నా ఇంట్లో కూడా ఒకరిని అలా నిలబెట్టి ఉంటే బాగుండేది.

పోయిన ఏడు రక్తం జబ్బన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లు. యాభై రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇక మందులు పనిచెయ్యవని తెలిసిన రోజున, ఇంకో రకం మందు వేసి చూద్దామా అని డాక్టరు అడిగితే, మంచం మీద లేచి కూచుని చెయ్యి చాచింది. "గుడ్ గేమ్, డాక్టర్" అంది. వాళ్ళ ఆటలో అదో పద్ధతి. ఇక గెలవలేమని తెలిస్తే, మిగిలిన రాళ్ళు వెయ్యకుండా, చేతి తొడుగు తీసి అవతలివాళ్ళతో చెయ్యి కలుపుతారు. డాక్టరు అర్థం చేసుకుని చెయ్యి కలిపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఓటమి ఒప్పుకోడం ఎవరు నేర్పారే నీకు? ఒక్క రాయి ఉన్నా వెయ్యాలి కదే!" అని అరిచాను. "వేసేది నేను కదా అమ్మా. చెయ్యి నొప్పిగా ఉంది" అంది.

పోవడానికి నాలుగు రోజుల ముందు నేను కమలాపండు వలుస్తున్నాను. అది కిటికీవైపు చూస్తూ, ఉన్నట్టుండి, "అమ్మా, వాళ్ళు నన్నెందుకు పిలవలేదంటావు?" అంది. ఎవరని అడగక్కర్లేదు. మళ్ళీ తనే నవ్వి, "ఎప్పటి సంగతో. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది లా" అంది.

గదిలో మేమిద్దరమే. తలుపు వేసి ఉంది. దానికి అంతా వినపడుతోంది. నాకు నోరుంది.

"తిను" అన్నాను. కమలాతొన నోటికి అందించాను.

దానికి తెలిసే ఉంటుంది, తల్లులవి పిల్లలకి తెలుస్తాయి అని నన్ను ఓదార్చకండి. తెలీదు. తెలిస్తే అలా అడగదు. తను బాగా ఆడలేదు కాబట్టే పిలవలేదనుకుంటూ పోయింది. నిజం చెప్పినందుకు శిక్ష పడిందనుకుంటూ పోయింది. అయినా ప్రతి పిల్లకీ నిజమే చెప్పమని నేర్పింది. నాకు నిద్రపట్టనిది దాని చావు వల్ల కాదు. దీని వల్ల.

పదహారు రోజులయ్యాక, ఆ రోజు ఫోను ఎత్తిన అమ్మాయి ఇంటికొచ్చింది. మన తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టింది, బ్యాంకులో పనిచేస్తుంది. నా కూతురి దగ్గర నేర్చుకున్నవాళ్ళలో పెద్దది. చేతిలో కవరు. పోయిన కబురు తెలిసి కెనడా నుంచి ఉత్తరం వచ్చిందని, రింక్ చిరునామాకి వచ్చిందని, నాకు చదివి వినిపిస్తానని సోఫాలో కూచుంది. ఇంగ్లీషులో చదువుతూ మధ్యమధ్య తెలుగులో చెప్పింది. అంత మంచి ఆటగత్తెని తను మళ్ళీ చూడలేదని రాసింది ఆ కెప్టెన్. జపాన్ సంగతి విన్న రోజే దీన్ని పిలవాలని నిశ్చయించుకుందట. అలాంటి మనిషి తన జట్టులో ఉండాలని.

"ఫోను కూడా చేశాను, కబురు పెట్టాను, తను తిరిగి చెయ్యలేదు, ఇష్టం లేదేమో అనుకుని మళ్ళీ అడగలేదు అని రాశారు ఆంటీ" అంది పిల్ల. కాగితం మడిచి, "వెయిట్ లా. కోచ్ మాతో ఎప్పుడూ, వాళ్ళు నన్ను పిలవలేదు అనేవారే? కబురు ఎవరికి పెట్టారు?" అంది.

నేను లేచాను. ఎందుకు లేచానో తెలీదు. ఫోను బల్ల పక్కన నిలబడ్డాను. కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది.

"నాకే. నేనే ఎత్తాను. అంతా అర్థమయింది. చెప్పలేదు."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే కాస్త తేలికపడేదాన్నేమో. ఉత్తరం బల్లమీద పెట్టి, చెప్పులు వేసుకుంటూ, గుమ్మంలోంచి, "చెప్పాక ఏం చెయ్యాలో కోచ్ నేర్పారు ఆంటీ. పక్కకి జరిగి నిలబడాలి. డిసైడ్ చేసేది అవతలివాళ్ళు" అంది.

అవతలివాళ్ళు ఎవరు? అవతల ఉన్నది నా కూతురొక్కతే. అది వెళ్ళిపోయింది.

ఆ పై ఆదివారం నేను ట్రైన్ ఎక్కి రింక్‌కి వెళ్ళాను. ఇన్నేళ్లకి. స్వెట్టరు తీసుకెళ్ళాలని కూడా తెలీలేదు. మంచు చుట్టూ నిలువెత్తు గాజుగోడ. దాని ఇవతల బెంచీ ఉంది. అక్కడ కూచున్నాను. పిల్లలందరికీ అప్పటికే తెలిసినట్టుంది. ఎవరూ నా దగ్గరకి రాలేదు, ఎవరూ నన్ను పొమ్మనలేదు. ఆడుకున్నారు. నాకు మొదటిసారి తెలిసింది, రాయి వెళ్తుంటే ఉరుము దూరం నుంచి వస్తున్నట్టు ఒక చప్పుడు వస్తుంది. రుద్దేవాళ్ళు నడుంతో ఊడుస్తారు. అది వంటింట్లో నాకు చూపించింది ఇదే.

ఆట అయ్యాక అందరూ తొడుగులు తీసి ఒకరితో ఒకరు చేతులు కలుపుకున్నారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళు అందరూ. చివర ఆ పెద్దపిల్ల చీపురు పట్టుకుని గాజు దాకా వచ్చింది. నాకు ఎదురుగా నిలబడింది. తల ఊపింది, అంతే. దాని చేతికి తొడుగు అలాగే ఉంది.

ప్రతి ఆదివారం వెళ్తున్నాను. అదే బెంచీ. ఇప్పుడు స్వెట్టరు తీసుకెళ్తున్నాను, నా కూతురిదే. గాజుకి దగ్గరగా కూచుంటే నా ఊపిరికే గాజు మసకబారిపోయి రాళ్ళు కనపడవు. చీరకొంగుతో తుడుస్తాను. కాసేపు కనపడతాయి. మళ్ళీ మసకబారుతుంది. మళ్ళీ తుడుస్తాను.